పార్లమెంటరీ పద్ధతులు పిల్లలకు నేర్పాలంటే స్క్రిప్టుతో మొదలుపెట్టకండి

మీరు అడిగింది ఇదీ: "నేను సోషల్ టీచర్ని. ఈ ఏడాది యూత్ పార్లమెంట్ బాధ్యత నాకు అప్పజెప్పారు. సభా నియమాలు నాకే సరిగ్గా రావు. 40 రోజుల టైముంది. స్టాఫ్ రూములో పాత స్క్రిప్టు ఒకటి దొరికింది, దాన్నే బట్టీ పట్టించేస్తే సరిపోతుందా? పిల్లలేమో టీవీలో చూసి, అరవడమే పార్లమెంట్ అనుకుంటున్నారు."

సరిపోదు మాస్టారూ. ఆ స్క్రిప్టును బీరువాలో పెట్టి తాళం వేసేయండి. ఈ మాట నేను అనుభవించి చెబుతున్నాను. ఆశ్రమ పాఠశాలలో 20 ఏళ్లకు పైగా సోషల్ చెప్పాను, దాదాపు ప్రతి ఏడూ యూత్ పార్లమెంట్ (బడి పిల్లలు పార్లమెంటు సభను నడిపి చూపే పోటీ) జట్టును తయారుచేశాను. మొదటి ఏడాది నేనూ స్క్రిప్టే ఇచ్చాను. ప్రశ్నలు, జవాబులు, ఉపప్రశ్నలు, మధ్యమధ్యలో "బల్లలు చరచాలి", "విపక్షం గొడవ చేయాలి" అన్న సూచనలు, అన్నీ అందులో రాసి ఉన్నాయి. పిల్లలు చక్కగా కంఠతా పట్టారు. పోటీ రోజున ఆర్థిక మంత్రిగా ఉన్న అబ్బాయి ఒక జవాబు మర్చిపోయి తర్వాతి జవాబు చెప్పేశాడు. ఆ వెనక అడగాల్సిన ముగ్గురికీ ఏం అడగాలో తెలియలేదు. సభ నిలిచిపోయింది. అంతా అయ్యాక న్యాయనిర్ణేతల్లో ఒకాయన మా స్పీకర్ అమ్మాయిని పిలిచి, "బిల్లును క్లాజుల (అందులోని నిబంధనల) వారీగా ఓటుకు పెట్టకుండానే ఆమోదించేశావేమ్మా?" అని నెమ్మదిగా అడిగారు. ఆ పిల్ల నా వైపు చూసి "మేడమ్ అలాగే రాసిచ్చారండీ" అంది. చాలా రోజులు ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ తర్వాత ఏ ఏడాదీ స్క్రిప్టు రాయలేదు.

ముందు మీ సంగతి. మీరు నేర్చుకోవడానికి రెండు వారాలు చాలు. లోక్‌సభ నియమావళిలో చివరి నియమం నంబరు 389. దాన్ని మొదటి పేజీ నుంచి చదవాలని కూర్చుంటే మూడో రోజుకే విసుగొస్తుంది. నిఘంటువును వాడినట్టు, అవసరం వచ్చినప్పుడు తెరవండి. సమావేశాలు జరిగే రోజుల్లో ఆనాటి కార్యక్రమాల జాబితా లోక్‌సభ వెబ్‌సైట్లో ముందుగానే పెడతారు. అది ప్రింటు తీసి చేత్తో పట్టుకుని, ఉదయం 11 గంటలకు సంసద్ టీవీ ముందు కూర్చోండి. ఎవరు లేచారు, ఏ అంశం కింద లేచారు, స్పీకర్ ఏ మాటతో అనుమతించారు, ఏ మాటతో ఆపారు అన్నవి జాబితా పక్కనే రాసుకోండి. అర్థంకాని చోట నియమావళి తెరవండి. సభ ఇప్పుడు జరగకపోతే పాత రోజుల వీడియోలు, అక్షరం పొల్లుపోని రికార్డులు రెండూ దొరుకుతాయి. నాలుగు రోజుల సభను ఇలా చూస్తే, పుస్తకంతో నెల రోజులు కుస్తీ పట్టినా రానంత వస్తుంది.

ఈ పోటీ నేపథ్యం కూడా పిల్లలకు రెండు మాటల్లో చెప్పండి. 1962లో బొంబాయిలో జరిగిన విప్‌ల (సభలో తమ పార్టీ సభ్యుల హాజరు, ఓటు చూసుకునేవాళ్ల) అఖిల భారత సమావేశం చేసిన సిఫారసుతో 1966-67లో ఢిల్లీ బడుల్లో మొదలైంది. కేంద్రీయ విద్యాలయాలకు 1988లో, నవోదయలకు 1997-98లో వచ్చింది. 2019 నుంచి వెబ్ పోర్టల్ ద్వారా మిగతా బడులు కూడా పాల్గొనే వీలు కల్పించారు.

ఇక పిల్లలతో మొదటి క్లాసు. ఆ రోజు ఒక్క నియమం కూడా చెప్పకండి. వాళ్లకు నిజంగా పట్టిన విషయం ఒకటి ఇవ్వండి. మా దగ్గర "రాత్రి హాస్టల్లో లైట్లు 10కి ఆర్పాలా, 10:30కా?" అని ఇచ్చేదాన్ని. ఇరవై నిమిషాలు మాట్లాడుకుని నిర్ణయం చెప్పమని, నేను వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ప్రతి ఏడూ ఒకటే జరిగేది. గొంతున్న నలుగురైదుగురే మాట్లాడేవాళ్లు. లైట్ల దగ్గర మొదలై దోమలు, వార్డెన్, పోయిన ఏడాది పిక్నిక్ దాకా వెళ్లేది. టైమయ్యేసరికి నిర్ణయం ఉండేది కాదు. ఉన్నా, అది తమ నిర్ణయమని సగం మంది ఒప్పుకునేవాళ్లు కాదు.

అప్పుడు బోర్డు దగ్గరికెళ్లి "ఏం బాగా లేదు?" అని అడగండి. వాళ్లే చెబుతారు: నన్ను మాట్లాడనివ్వలేదు, వాడు నన్ను తిట్టాడు, అసలు దేనిమీద ఓటేశామో తెలియలేదు, నేను నీళ్లు తాగి వచ్చేసరికి అయిపోయింది. ఒక్కొక్క ఫిర్యాదునూ బోర్డు మీద ఎడమ పక్కన రాయండి. వచ్చే వారం పది రోజులూ మీరు చెప్పబోయే ప్రతి నియమాన్నీ ఆ ఫిర్యాదుల్లో ఏదో ఒకదాని ఎదురుగా, కుడి పక్కన రాస్తూ పోండి. సభా నియమాలు పెద్దవాళ్ల మర్యాదల కోసం పుట్టినవి కావనీ, గొంతు చిన్నదైన వాడికీ సంఖ్య తక్కువైన పక్షానికీ దక్కాల్సిన వంతు దక్కడం కోసం పుట్టాయనీ పిల్లలకు ఆ బోర్డే చెబుతుంది. నేను నేర్పిందంతా ఆ ఒక్క ముక్క చుట్టూనే తిరిగింది.

ఉదాహరణకు "అధ్యక్షా!" అనే పిలుపు. తెలుగు పిల్లలకు అసెంబ్లీ అంటే ముందు గుర్తొచ్చేది అదే. చాలామంది దాన్ని గౌరవవాచకం అనుకుంటారు. ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి, పంపు దగ్గర నీళ్ల గొడవ గురించి నేరుగా వాదించుకోమనండి. తర్వాత అదే వాదన ఒకరి ముఖం ఒకరు చూడకుండా, స్పీకర్ వైపే తిరిగి, పేరు పలకకుండా "గౌరవ సభ్యురాలు" అంటూ చెప్పమనండి. "నువ్వు అబద్ధాలకోరువి" అన్న పిల్లే "అధ్యక్షా, గౌరవ సభ్యురాలు చెప్పిన లెక్క సరికాదు" అంటుంది. వేడి దిగిపోతుంది, విషయం మిగులుతుంది. సభలో మాట్లాడుతున్న వారికీ స్పీకర్‌కూ మధ్యలోంచి నడవకూడదన్న నియమం ఎందుకుందో కూడా ఆ రోజే అర్థమవుతుంది.

తర్వాతది తీర్మానం. మన ఊరి మీటింగుల్లో, అపార్టుమెంటు సంఘాల్లో కూడా ముందు గంటసేపు చర్చించి, ఆఖర్న "సరే, ఏం రాసుకుందాం?" అంటారు. సభలో అలా కుదరదు. ముందు మాట కాగితం మీద ఉండాలి, దానిమీదే చర్చ జరగాలి. ఇక్కడ పిల్లలు తప్పకుండా తడబడే చోటు సవరణ. "గ్రంథాలయం రాత్రి 8 దాకా తెరిచి ఉంచాలి" అనేది తీర్మానం అనుకోండి. "8 బదులు 9" అనేది సవరణ. ముందు సవరణను ఓటుకు పెట్టాలి. అది నెగ్గగానే పిల్లలు చప్పట్లు కొట్టి, 9 దాకా గ్రంథాలయం వచ్చేసిందనుకుంటారు. రాలేదు. మారింది తీర్మానంలోని మాట మాత్రమే. మారిన తీర్మానాన్ని మళ్లీ ఓటుకు పెడితే అది ఓడిపోవచ్చు కూడా. 9 గంటలు ఎక్కువ అనుకునేవాళ్లు ఎదురు తిరిగి మొత్తాన్నే ఓడించిన సందర్భం మా క్లాసులో ఒకసారి వచ్చింది. సవరణ తెచ్చిన అబ్బాయి ముఖం వాడిపోయింది. ఎంత అడగాలో, ఎక్కడ ఆగాలో ఆ రోజు వాడికి తెలిసింది. ఇలాంటి ఓటమి ఒకటి జరిగేదాకా ఆగండి, మీరు తొందరపడి సరిదిద్దకండి.

ఓటింగు నేర్పేటప్పుడు మూజువాణితో మొదలుపెట్టండి. స్పీకర్ అనుకూలురనూ వ్యతిరేకులనూ అడిగి, వినిపించిన గొంతులను బట్టి తన అభిప్రాయం చెబుతారు. గొంతు పెద్దదైన పక్షమే గెలిచినట్టు అయితే మనం మొదటి క్లాసు దగ్గరే ఉన్నట్టు కదా! అందుకే ఆ అభిప్రాయాన్ని కాదని డివిజన్ (ఓట్లు లెక్కపెట్టడం) కోరే హక్కు సభ్యుడికి ఉంది. కోరితే లాబీలు (సభ పక్కనున్న వరండాలు) ఖాళీ చేయిస్తారు, గంట మోగుతుంది, మూడున్నర నిమిషాలు ఆగి ప్రశ్నను రెండోసారి పెడతారు. ఆ మూడున్నర నిమిషాలను గోడ గడియారం చూస్తూ నిజంగా ఆగండి. నలుగురిని ముందే వరండాలో నిలబెట్టి, బెల్లు కొట్టగానే లోపలికి రమ్మనండి. "నేను నీళ్లు తాగి వచ్చేసరికి అయిపోయింది" అన్న ఫిర్యాదుకు జవాబు అదే.

కోరం (సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు) లెక్క వాళ్లతోనే కట్టించండి. మొత్తం సభ్యుల్లో పదో వంతు అని రాజ్యాంగం చెబుతుంది. 543 మందికి 55 అవుతుంది, మీ 48 మంది క్లాసుకు 5. స్పీకర్ మొదట ఓటు వేయరు, ఓట్లు సమానమైతేనే నిర్ణాయక ఓటు వేస్తారని 100వ అధికరణం చెబుతుంది. ఈ చోట నేను ప్రతి ఏడూ 1999 ఏప్రిల్ 17 కథ చెప్పేదాన్ని. వాజ్‌పేయి ప్రభుత్వం పెట్టిన విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. ఆనాడు స్పీకర్ స్థానంలో ఉన్నది మన కోనసీమ మనిషి జి.ఎం.సి. బాలయోగి గారు. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయినా లోక్‌సభ సభ్యత్వం వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటు వేయొచ్చా అన్న వివాదం వస్తే, స్పీకర్ ఆ నిర్ణయాన్ని గమాంగ్ విచక్షణకే వదిలారు. కథ అక్కడ ఆపి, "ఆ స్థానంలో మీరుంటే?" అని అడగండి. మా పిల్లలు గంట అయినా లేచేవాళ్లు కాదు. 269కి 269 వచ్చి ఉంటే ఏమయ్యేదో కూడా వాళ్లే అడుగుతారు. ఏ పక్షం సభ్యుడైనా ఆ కుర్చీలో కూర్చున్నాక ఎలా ఉండాలో చెప్పడానికి నీలం సంజీవరెడ్డి గారు ఉన్నారు. 1967లో స్పీకర్‌గా ఎన్నికైనాక పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారాయన.

మీ 40 రోజుల్లో ఎక్కువ భాగం ప్రశ్నోత్తరాలకే ఇవ్వండి. జట్టు తేలిపోయేదీ, నిలబడేదీ అక్కడే. లోక్‌సభలో రోజుకు నక్షత్రం గుర్తున్న ప్రశ్నలు 20. వాటికి మంత్రి నోటితో జవాబివ్వాలి, ఆ జవాబు మీద అప్పటికప్పుడు వేసే ఉపప్రశ్నలు ఎదుర్కోవాలి. గుర్తు లేనివి 230, వాటికి రాతపూర్వక జవాబే. పిల్లలకు ముందు ప్రశ్న రాయడం రాదు, ఉపన్యాసం రాస్తారు. "ప్రభుత్వం మధ్యాహ్న భోజనాన్ని ఎందుకు నిర్లక్ష్యం చేస్తోంది?" అని మొదటి రోజు ఒకరైనా రాస్తారు. ప్రశ్నలో వాదన, ఎత్తిపొడుపు, నింద, అభిప్రాయం అడగడం ఉండకూడదని నియమం. దాన్ని చూపించి తిరగరాయించండి: "(అ) జిల్లాలో వంటగది లేని పాఠశాలలు ఉన్న మాట వాస్తవమేనా, (ఆ) అయితే, ఆ వివరాలేమిటి, (ఇ) వాటికి వంటగదులు కట్టించడానికి తీసుకుంటున్న చర్యలేమిటి?" మొదటి ప్రశ్నను ఏ మంత్రైనా "అలాంటిదేమీ లేదండీ" అని తోసేయగలడు. రెండోదాన్నుంచి తప్పించుకోవడం కష్టం. నింద తీసేస్తే ప్రశ్న పదునెక్కుతుందని పిల్లలకు కళ్లారా కనిపిస్తుంది. (అ)కు "లేదండీ" అనే జవాబొస్తే (ఆ), (ఇ)లకు "ప్రశ్న ఉత్పన్నం కాదు" అన్న జవాబే వస్తుంది. కాబట్టి (అ) ఎలా రాయాలో ఆలోచించి రాయడం కూడా ఒక విద్యే.

అసలు సభలో ప్రశ్నకు కనీసం 15 పూర్తి రోజుల నోటీసు కావాలి. మీరు మూడు రోజులు పెట్టండి. మంత్రి అయిన పిల్లకు ఆ మూడు రోజుల్లో సమాచారం వెతుక్కోవడమే పని. మొదట్లో మీ బడినే దేశం అనుకోండి: ఆహార మంత్రి మెస్ రిజిస్టరు చూడాలి, విద్యా మంత్రి లైబ్రరీ రిజిస్టరు, ఆరోగ్య మంత్రి నర్సు గారిని అడిగి ఈ నెలలో జ్వరాలెన్నో రాసుకురావాలి. ఉపప్రశ్నలు మాత్రం మంత్రికి ముందుగా తెలియనివ్వకండి, మీకు కూడా చూపించవద్దని విపక్షానికి చెప్పండి. మొదటి వారం మంత్రులు నీళ్లు నములుతారు. నమలనివ్వండి. "ఆ సమాచారం ఇప్పుడు నా దగ్గర లేదు అధ్యక్షా, సేకరించి సభ ముందు ఉంచుతాను" అనడం ఓటమి కాదని చెప్పండి. అబద్ధపు అంకె చెప్పడం కంటే అది వెయ్యి రెట్లు నయం. రెండు వారాలయ్యాక దేశ వ్యవహారాలకు వెళ్లండి. లోక్‌సభ వెబ్‌సైట్లో మంత్రులిచ్చిన అసలు జవాబులు, రాష్ట్రాల వారీ పట్టికలతో సహా ఉంటాయి. ఒక పాత జవాబు ఇచ్చి, "దీనిమీద మీరైతే ఏ ఉపప్రశ్న వేస్తారు?" అని అడగండి. దీనికి మించిన సాధన నాకు తెలియదు.

"సేకరించి సభ ముందు ఉంచుతాం" అన్నది హామీ అవుతుంది. పార్లమెంటులో అలాంటి హామీలను వెంబడించడానికే ప్రభుత్వ హామీల సంఘం ఉంది. మా దగ్గర దీన్ని ఒక నోటుపుస్తకంతో నడిపాం. సభలో ఎవరు ఏ మాట ఇచ్చినా తేదీతో రాసేది ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి, పెద్దగా నోరు విప్పని పిల్ల. ఒకసారి మా బడి పెద్దలే సభ చూడ్డానికి వచ్చి, బాలికల స్నానాల గదుల గడియలు వారంలో బాగుచేయిస్తామని మాటిచ్చారు. రెండు వారాల తర్వాతి సభలో ఆ పిల్ల లేచి, గొంతు వణుకుతుండగానే తేదీ, మాట, ఎన్ని రోజులైందో చదివి కూర్చుంది. ఆ శనివారమే వడ్రంగి వచ్చాడు. పోటీల్లో మాకు వచ్చిన ఏ బహుమతీ నాకు అంత సంతోషం ఇవ్వలేదు.

బిల్లు సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రవేశపెట్టడానికి అనుమతి, పరిశీలన, క్లాజుల వారీ ఓటు, ఆఖర్న ఆమోదం. నాలుగైదు క్లాజుల చిన్న బిల్లు పిల్లలతోనే రాయించండి. క్లాజుల ఓటింగులో ఒకటో క్లాజు, శాసన సూత్రం (ఈ చట్టం చేస్తున్నది పార్లమెంటు అని చెప్పే వాక్యం), బిల్లు పేరు అన్నిటికంటే చివర్న వస్తాయి. ఎందుకని అడిగితే కాసేపు ఆలోచించి వాళ్లే చెబుతారు: లోపలి క్లాజులు మారితే పేరూ మారాల్సి రావచ్చు కదా! మా స్పీకర్ అమ్మాయిని ఆనాడు అడిగింది ఈ దశ గురించే. మీ పిల్లలు దీన్ని దాటేయకుండా చూడండి.

ఇప్పుడు అరుపుల గురించి. "పార్లమెంటులో అలా చేస్తున్నారు కదా మేడమ్" అని పిల్లలు నన్నూ అడిగారు. చేస్తున్నారు, అది దాచి లాభం లేదు. అరవొద్దని వట్టి ఆంక్ష పెట్టకండి. విపక్షం చేతిలో ఉన్న పనిముట్లన్నీ బల్ల మీద పరచండి: ఉపప్రశ్న, అత్యవసర విషయం మీద మంత్రి ప్రకటన కోరే సావధాన తీర్మానం, మిగతా పని ఆపి అలాంటి విషయాన్ని చర్చించమనే వాయిదా తీర్మానం, 50 మంది మద్దతుంటే చర్చకు వచ్చే అవిశ్వాస తీర్మానం, నిరసన తెలిపి వాకౌట్ చేయడం. నియమావళిలో ఎక్కడా లేకుండానే ఆనవాయితీగా నిలిచిన జీరో అవర్ (ప్రశ్నోత్తరాలయ్యాక సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం) కూడా. ఆ తర్వాత రెండు సభలు పెట్టించండి, ఒక దాంట్లో విపక్షం పోడియం దగ్గరికి వెళ్లి అరవాలి, రెండో దాంట్లో ఈ పనిముట్లే వాడాలి. రెండింట్లోనూ మంత్రి దేనికి ఎక్కువ ఇబ్బంది పడ్డాడో ఆ మంత్రినే అడగండి. అరుస్తుంటే జవాబు చెప్పే పని తప్పిందని హాయిగా ఉన్నానని మా మంత్రి ఒకడు నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఆ జట్టు మరి అరవలేదు.

పాయింట్ ఆఫ్ ఆర్డర్‌ను మాత్రం గట్టిగా నేర్పాలి. పిల్లలు దాన్ని "నాకూ మాట్లాడాలని ఉంది" అనడానికి వాడేస్తారు. 376వ నియమం ప్రకారం అది సభా నియమాలో రాజ్యాంగమో ఉల్లంఘన అయినప్పుడే, అదీ ఆ క్షణంలో సభ ముందున్న విషయంలోనే లేవనెత్తాలి. "ఏ నియమం?" అని స్పీకర్ అడిగితే నంబరు చెప్పలేని వాళ్లు కూర్చోవాల్సిందే. మా స్పీకర్లు ఆ రెండు మాటలు నేర్చుకున్నాక సభ సగం దారిలో పడేది.

ఇంకో జాగ్రత్త. ప్రైవేటు బడుల్లో ఐక్యరాజ్యసమితి నమూనా సభలు చేసి వచ్చిన పిల్లలు ఉంటే మిగిలిన టైము వేరొకరికి ఇచ్చేయడం, కాసేపు సభ ఆపి గుంపులుగా మాట్లాడుకోవడం లాంటి అక్కడి పద్ధతులు ఇక్కడికి తెస్తారు. అవి మన పార్లమెంటులో లేవు. పిల్లల్ని తక్కువ చేయకుండా, అది వేరే సభ అని చెప్పండి.

పాత్రలు పంచేటప్పుడు బాగా మాట్లాడే వాళ్లందరినీ మంత్రులుగా పెట్టే పొరపాటు అందరం చేస్తాం. గట్టి పిల్లల్ని విపక్షంలో పెట్టండి, మంత్రులు వాళ్ల వల్లే పదునెక్కుతారు. స్పీకర్‌గా బాగా మాట్లాడే వాళ్లకంటే బాగా వినేవాళ్లను ఎంచుకోండి, మూడు వారాల దాకా రోజుకొకరిని మార్చి చూడండి. బిడియస్తులకు రిపోర్టర్ల బల్ల ఇవ్వండి. సభలో అందరికంటే ఎక్కువ నేర్చుకునేది వాళ్లే. స్పీకర్ ప్రశ్నను ఓటుకు పెట్టకుండానే "ఆమోదించడమైనది" అనేసినప్పుడు చీటీ పంపి సరిదిద్దింది మా రిపోర్టర్ పిల్లే.

భాష గురించి మీరు అడగలేదు, కానీ చెప్పాలి. పోటీ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉన్నా మొదటి 25 రోజులు తెలుగులోనే నడపండి. ఆలోచన మాతృభాషలో కుదిరాక మాటలు మార్చుకోవడం వారం పని. ఇంగ్లీషులోనే మొదలుపెడితే, ఇంగ్లీషు వచ్చిన ఆరుగురే పార్లమెంటు అవుతారు, మిగతా వాళ్లు బల్లలు చరుస్తూ కూర్చుంటారు. లోక్‌సభలోనే తెలుగులో మాట్లాడే వీలుందని, అనువాదకులు ఉంటారని పిల్లలకు చెప్పి చూడండి, వాళ్ల వెన్ను నిటారవుతుంది.

ఈ రెండు వారాలూ మీరు రాత్రిపూట రికార్డులు చూసుకోండి, పగలు పిల్లలతో ఆ బోర్డు పని చేయించండి. మూడు, నాలుగు వారాలు ప్రశ్నోత్తరాలు, బిల్లు. చివరి పది పన్నెండు రోజుల్లో పూర్తి సభలు, గడియారం పెట్టి. ప్రతి సభ తర్వాత పది నిమిషాలు రిపోర్టర్ల రికార్డు చదివించండి, తప్పులు మీరు చెప్పకుండా వాళ్లనే పట్టుకోనివ్వండి. పోటీ ముందు రోజు రిహార్సల్ వద్దు, పిల్లల్ని ఆడుకోనివ్వండి. మొదటి క్లాసు అయ్యాక బోర్డు మీద ఎడమ పక్కన ఏ ఫిర్యాదులు వచ్చాయో నాకు రాయండి, వాటిలో ఏది ముందు అందుకోవాలో ఇద్దరం కలిసి చూద్దాం.